పదగణనకు ముందు పదచ్ఛేదం

సాంఘికశాస్త్ర పరిశోధకులు ఇటీవల కంప్యూటర్ ద్వారా గ్రంథవిశ్లేషణ నేర్చుకొంటున్నారు. వేలకొలది పుటల వార్తాపత్రికలను, శాసనసభా చర్చలను, ఆత్మకథలను యంత్రానికి అప్పగించి, ఏ పదం ఎన్నిమార్లు వచ్చినది, దేని సరసన వచ్చినది లెక్కగట్టి, ఆ లెక్కనుండి సమాజాన్ని గూర్చిన నిర్ణయాలకు రావడం ఈ పద్ధతి. పద్ధతి మంచిదే. దానిని నేర్పే క్రమంలోనే లోపమున్నది. ఆంగ్లంకోసం పుట్టిన సాధనం రెండు ఖాళీల నడుమ ఉన్నదంతా ఒక పదమని తలుస్తుంది. తెలుగుకు ఈ తలపు చెల్లదు. చెల్లదని చెప్పగలవారు ప్రాచ్య కళాశాలలలో ఉన్నారు. వారిని పిలిచినవారు అరుదు. పిలవకున్నా వెళ్లినవారు మరీ అరుదు.

రంగారెడ్డి జిల్లాలోని బడంగ్‌పేట్‌ను ఉదాహరణగా గ్రహించవచ్చు. హైదరాబాద్ అంచున పల్లెగా ఉండి నగరవిస్తరణలో కలిసిపోయిన ఊరు అది. అటువంటి ఊళ్లలో సాగుభూమి ఇళ్లస్థలాలుగా మారిన తీరును పత్రికల భాషనుండి తెలుసుకోవాలని ఒక పరిశోధకుడు సంకల్పిస్తే, ముందుగా ‘పొలం’ అనే రూపాన్ని యంత్రానికి ఇస్తాడు. పొలాన్ని, పొలాల్లో, పొలమమ్మి అనేవి లెక్కకు రావు. పోనీ ‘పొల’ అనే రెండక్షరాలే ఇస్తే, అన్నం తింటూ పొలమారినవాడు కూడా పొలాలలో చేరతాడు. ‘ఇల్లు’ ఇస్తే ఇంటి, ఇండ్లు, ఇళ్లకు జారిపోతాయి. ‘ఇంటి’ ఔపవిభక్తిక రూపమని బాలవ్యాకరణం చదివిన విద్యార్థికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ సూత్రం యంత్రానికి చెప్పవలసినదని మాత్రం అతనికి ఎవరూ చెప్పడం లేదు.

రూపభేదంకన్న మాండలికభేదం మరింత ప్రమాదకరం. కోస్తా జిల్లాల మాగాణి, మెట్ట తెలంగాణ రెవెన్యూ పత్రాలలో తరి, ఖుష్కి. ‘మాగాణి’ కొరకు మాత్రమే వెదకినవాడు ఇక్కడ నీటివసతిగల భూమి లేనేలేదని తేల్చగలడు. ‘తరి’ని వెదకితే మరొక చిక్కు. సంస్కృతంలో తరి అంటే నావ. కావ్యాలలోని తఱి అంటే సమయం. పాత ముద్రణను యంత్రం చదివేటప్పుడు బండిర సాధురేఫగా మారితే, సమయం కాస్తా తడిభూమి అవుతుంది! 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం ప్రథమ సంపుటం వ్యవసాయ పదాలదే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన ఆ గ్రంథం ఇటువంటి పరిశోధకుని బల్లపై ఉండవలసినది.

ఈ విద్య ప్రాచ్యపండితులకు పరాయిది కాదు. శాకల్యుడు ఋగ్వేదానికి పదపాఠం కూర్చి సంధులు విడదీసినాడు. అనుక్రమణికలు సూక్తాలనూ ఋక్కులనూ పదాలనూ లెక్కించినాయి. పాశ్చాత్యదేశాలలో 1949లో రోబెర్తో బూసా అనే జెసూట్ గురువు థామస్ అక్వినాస్ రచనలకు యంత్రసహాయంతో పదసూచిక ఆరంభించినప్పుడు, ప్రతి లాటిన్ రూపాన్నీ దాని మూలపదానికి చేర్చే పనిని పండితులే చేయవలసివచ్చినది. ఆ సూచిక 56 సంపుటాలైనది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో తెలుగు పదరూప విశ్లేషణకూ, సంస్కృత సంధివిచ్ఛేదానికీ సాధనాలు నిర్మించినవారు వ్యాకరణాన్ని ఆధారం చేసుకొన్నవారే.

నేటి బృహద్భాషా నమూనాలు వచ్చిన తరువాత ఈ శ్రమ దేనికని కొందరంటారు. ఆ నమూనాలు కూడా పదాన్ని ముక్కలు చేస్తాయి. కాని ఏ ముక్క తరచుగా కనబడినదన్నదే వాటికి ప్రమాణం. ప్రకృతిప్రత్యయ వివేకం కాదు. ఫలితం సరిగా వచ్చినప్పుడు సైతం ఎందుకు వచ్చినదో పరిశోధకుడు చెప్పలేడు. సిద్ధాంతవ్యాసానికి ఇది చిన్న లోపం కాదు.

భాషాప్రవీణ విద్యార్థికి యంత్రగణనమూ, సాంఘికశాస్త్ర విద్యార్థికి సంధి విభక్తి ప్రకరణాలూ ఒకే తరగతిలో నేర్పడం అసాధ్యమేమీ కాదు. తొలి అభ్యాసంగా నూరు వాక్యాలు తీసుకొని చేతితో పదచ్ఛేదం చేయించి, యంత్రం చేసిన ఛేదంతో పోల్చి, తప్పుల పట్టికను సిద్ధాంతవ్యాసంలో ముద్రింపజేయాలి. ఆ పట్టికను చూచిన తరువాతనే పొలం ఎంత తగ్గినది, ప్లాటు ఎంత పెరిగినది అన్న లెక్కను పరీక్షకులు తెరవడం న్యాయం.