కడుపులో బిడ్డకు మచ్చ పడదట!

పోయిన వారం మా పెద్దమ్మాయి పుట్టింటికొచ్చింది. ఇప్పుడు దానికి ఐదో నెల. ఇష్టమని బూరెలు వేస్తుంటే పక్కనే పీటేసుకుని కూర్చుంది. మోచేతి కింద మచ్చ తడుముకుంటూ, "అమ్మా, ఇది నా బిడ్డకీ వస్తుందా?" అనడిగింది. నా చేతిలో చిల్లుల గరిటె అలాగే ఆగిపోయింది.

ఆ మచ్చ నా చలవే. దానికి ఆరేళ్ళప్పుడు సంక్రాంతికి అరిసెలు వండుతుంటే నూనె చింది చేతి మీద పడింది. కంగారులో టూత్‌పేస్టు పూసి గుడ్డ చుట్టేశాను. బొబ్బలు చితికి, చీము పట్టి, మానడానికి నెల దాటింది. చివరికి తాడులా ఉబ్బిన మచ్చ మిగిలింది. పెళ్ళిచూపులకు పొడుగు చేతుల జాకెట్టు కుట్టించాను. అది నన్ను ఒక్కమాటా అనలేదు గానీ, తల్లి మనసు ఊరుకుంటుందా?

డాక్టరీ చదువుతున్న మా తమ్ముడి కొడుకు నవ్వేశాడు. "కాలిన మచ్చలు బిడ్డకు రావత్తా. అసలు ఈ నెలలో ఆ బిడ్డ చర్మం తెగినా మచ్చే పడదు" అన్నాడు. సుమారు 24 వారాల వరకూ గర్భంలో శిశువు చర్మం మచ్చ లేకుండా మానుతుందట!

నేనూ ఇంటర్లో బైపీసీయే గనక, ఎందుకని కూర్చోబెట్టి అడిగాను. మంగళగిరి చీర మేకుకు తగిలి చిరిగిందనుకోండి. మాసిక వేస్తే చిరుగు మూసుకుంటుంది, అతుకు మాత్రం కనబడుతుంది. మన ఒళ్ళు చేసేది అదే. సూక్ష్మక్రిములు చొరబడకముందే మూసెయ్యాలని వాపు తెచ్చి, కొల్లాజెన్ దారాలను ఒకే వరసన కుక్కేస్తుంది. శిశువు చర్మం అలాక్కాదు, పడుగూ పేకా కలిపి మళ్ళీ నేసినట్టు నేస్తుంది. అక్కడ వాపు తక్కువ, తేమ పట్టి ఉంచే హయాలురోనిక్ ఆమ్లం ఎక్కువ.

ఈ నేతగాళ్ళకు పని చెప్పే ప్రోటీన్లే గ్రోత్ ఫ్యాక్టర్లు. టీజీఎఫ్-బీటా అనే దాంట్లో ఒకటో రకం మచ్చను పెంచుతుంది. శిశువులో అది తక్కువ, మూడో రకం ఎక్కువ. ఇదంతా ఉమ్మనీటి మహిమే అనుకునేవారట. కానీ పెద్ద గొర్రె చర్మాన్ని గర్భంలోని గొర్రెపిల్లకు అతికించి గాయం చేస్తే, ఉమ్మనీట్లో ఉన్నా మచ్చ పడింది. అంటే గుట్టు చర్మంలోనే ఉందన్నమాట.

మరి మందు చెయ్యలేరా అంటారా? ఆ మూడో రకంతోనే బ్రిటన్‌లో ఒక మందు చేశారు. 2011లో ఆఖరి పరీక్షలో అది గెలవలేదు. మన హైదరాబాదులో భారత్ బయోటెక్ వాళ్ళు ఈజీఎఫ్ అనే మరో గ్రోత్ ఫ్యాక్టరుతో రీజెన్-డి జెల్ తయారుచేశారు. షుగరు వాళ్ళ కాలిపుండ్లు మానడానికి డాక్టర్లు రాస్తారు. అది పుండు మానడానికే గానీ పాత మచ్చ చెరపడానికి కాదు. ఈజీఎఫ్‌ను కనిపెట్టిన స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ బహుమతి వచ్చింది.

అందాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. కాలిన పుండు మానడానికి రెండు మూడు వారాలు దాటితే ఉబ్బు మచ్చ పడే అవకాశం ఎక్కువ. అందుకే కాలిన వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు చన్నీళ్ళు పోయండి. ఐసు వద్దు. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, వెన్న ఏవీ వద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసెయ్యండి. బొబ్బలు చిదపకండి. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పండి. ముఖం, చేతులు, కీళ్ళు కాలినా, అరచేతి కంటే ఎక్కువ మేర కాలినా, పసిపిల్లలైనా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. పుండు పూర్తిగా మానాక ఎండ తగలనివ్వకండి. మచ్చ ఉబ్బుతుంటే సిలికాన్ షీటు గురించి డాక్టరునడగండి.

ఇదంతా చెబితే మా అమ్మాయి, "అయితే నీ మనవడికి పొడుగు చేతుల చొక్కా అక్కర్లేదులే" అని నవ్వింది. నాకే కళ్ళు చెమర్చాయి. పొయ్యి దగ్గర పిల్లలు జాగ్రత్తమ్మా! వచ్చే వారం బాలింత పథ్యం గురించి చెప్పుకుందాం.