ఇంట్లో చదివిన పిల్లలు మళ్లీ బడిలో, కాలేజీలో చేరాలంటే ఏ కాగితాలు కావాలి?

మీ అమ్మాయి ఆరో తరగతి తర్వాత బడి మానేసి ఇంట్లోనే చదువుకుంది అనుకుందాం. లెక్కలు బాగా చేస్తుంది, ఇంగ్లీషు నవలలు గబగబా చదివేస్తుంది. ఇప్పుడు ఇంటర్‌లో చేరతానంటోంది. కాలేజీ కౌంటర్ దగ్గర మీకు ఎదురయ్యే మొదటి ప్రశ్న "పాపకు ఏం వచ్చు?" అని కాదు. "టెన్త్ మెమో, టీసీ తెచ్చారా?" అని.

కొవిడ్ తర్వాత హోమ్ స్కూలింగ్ అనే మాట మన నగరాల్లో బాగా వినిపిస్తోంది. ఆటల్లో రాణిస్తున్న పిల్లలు, బడి వాతావరణం పడని పిల్లలు, తరచూ ఊళ్లు మారే ఉద్యోగుల పిల్లలు ఇలా కారణాలు చాలా. ఇంట్లో చదివించడం పెద్ద సమస్య కాదు. ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఓపెన్ స్కూల్‌కి, అక్కడి నుంచి కాలేజీకి మారేటప్పుడే చిక్కు వస్తుంది. ఆ మలుపుల్లో ఏ కాగితం ఎక్కడ పనికొస్తుందో, ఏది ముందు తీసుకోవాలో చూద్దాం.

తల్లిదండ్రులు ఇచ్చే మార్కుల పత్రం చెల్లుతుందా?

అమెరికాలో హోమ్ స్కూలింగ్ చేసే తల్లిదండ్రులే హైస్కూల్ ట్రాన్స్‌స్క్రిప్ట్ తయారు చేసి సంతకం పెట్టొచ్చు. అక్కడి యూనివర్సిటీలు దాన్ని పరిశీలిస్తాయి. యూట్యూబ్‌లో కనిపించే సలహాలు చాలావరకు ఆ పద్ధతి గురించే. మన దగ్గర అలా కుదరదు. పది, పన్నెండు తరగతులకు గుర్తింపు ఉన్న బోర్డు ఇచ్చిన మార్కుల మెమోనే ఆధారం. ఇంట్లో ఎంత పద్ధతిగా రాసి పెట్టుకున్నా అది బోర్డు సర్టిఫికెట్‌తో సమానం కాదు.

అలాగని ఆ రికార్డు దండగ కాదు. దాని సంగతి చివర్లో చెప్పుకుందాం.

చట్టం ఏం చెబుతోంది?

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ చెబుతోంది. అయితే చేర్చకపోతే శిక్ష ఏమిటో ఆ చట్టంలో లేదు. ఇంటి చదువును పేరు పెట్టి నిషేధించలేదు, పేరు పెట్టి గుర్తించనూ లేదు. అందుకే అది ఇప్పటికీ మధ్యస్థంగానే ఉండిపోయింది.

బడికి తిరిగి వెళ్లాలనుకునే పిల్లలకు మాత్రం ఈ చట్టం పెద్ద అండ. 4వ సెక్షన్ ప్రకారం ఇంతవరకు బడిలో చేరనివారిని, మధ్యలో మానేసినవారిని వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. వయసు ధ్రువీకరణ లేదన్న కారణంతో అడ్మిషన్ నిరాకరించకూడదని 14వ సెక్షన్ అంటోంది.

టీసీ విషయంలో 5వ సెక్షన్ గుర్తుపెట్టుకోండి. బడి మారతామంటే పాత బడి హెడ్‌మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి. ఆలస్యం చేస్తే క్రమశిక్షణ చర్య తప్పదు. టీసీ రాలేదన్న సాకుతో కొత్త బడి అడ్మిషన్ ఆపకూడదు. అయితే ఈ బదిలీ హక్కు ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లోకి మారేందుకే. ఎయిడ్ లేని ప్రైవేటు బడికి ఇది వర్తించదు.

ఇవన్నీ ఎనిమిదో తరగతి వరకే. అంటే అప్పటిదాకా కాగితం లేకపోయినా చట్టం తలుపు తీస్తుంది. తొమ్మిది నుంచి కాగితం ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. ఇంట్లో చదివించేవారు ప్లాన్ చేసుకోవాల్సింది ఈ గీత దగ్గరే.

నేరుగా పదో తరగతిలో చేర్చొచ్చా?

చాలామంది చేసే పొరపాటు ఇదే. తొమ్మిది దాకా ఇంట్లో చదివించి, పదికి బడిలో వేద్దామనుకుంటారు. సీబీఎస్‌ఈలో తొమ్మిది, పది తరగతులు కలిపి రెండేళ్ల కోర్సు. తొమ్మిదిలోనే బోర్డు దగ్గర విద్యార్థి పేరు నమోదవుతుంది. తల్లిదండ్రుల బదిలీ వంటి కొన్ని కారణాలకు తప్ప నేరుగా పదిలో చేర్చుకోరు. 11, 12 తరగతులకూ ఇదే పద్ధతి.

"పేరు మా బడిలో ఉంచుతాం, పిల్లాడు ఇంట్లోనే చదువుకోవచ్చు" అని కొన్ని బడులు ముందుకొస్తాయి. వాటికి దూరంగా ఉండండి. సీబీఎస్‌ఈ పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు ఉండాలి. డమ్మీ అడ్మిషన్ల కారణంగా 2024 నవంబర్‌లో ఢిల్లీ, రాజస్థాన్‌లలోని 21 బడుల అనుబంధాన్ని బోర్డు రద్దు చేసింది. బడికి గుర్తింపు పోతే మధ్యలో చిక్కుకునేది విద్యార్థే.

మరి దారి ఏది?

ఓపెన్ స్కూల్. కేంద్ర ప్రభుత్వ పరిధిలో ఎన్‌ఐఓఎస్, తెలంగాణలో టాస్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఓపెన్ స్కూల్ ఉన్నాయి. ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతికి సమానమైన సెకండరీ కోర్సుకు 14 ఏళ్లు, పన్నెండుకు సమానమైన సీనియర్ సెకండరీకి 15 ఏళ్లు నిండాలి. ఎనిమిది పాసైన సర్టిఫికెట్ లేకపోతే "ఈ కోర్సు చదవడానికి సరిపడా చదువుకున్నాను" అని సొంతంగా రాసిచ్చే ధ్రువీకరణ చాలు. ఇంట్లో చదివిన పిల్లలకు ఈ ఒక్క వెసులుబాటే సగం సమస్య తీర్చేస్తుంది.

కనీసం 5 సబ్జెక్టులు పాసవ్వాలి. రిజిస్ట్రేషన్ 5 ఏళ్లు ఉంటుంది. ఆ గడువులో 9 సార్లు పబ్లిక్ పరీక్ష రాసే అవకాశం ఉంటుంది. పరీక్షలు ఏటా రెండు విడతలు, ఏప్రిల్-మే ఒకటి, అక్టోబర్-నవంబర్ మరొకటి.

ఏ విడత రాయాలన్నది తేలిగ్గా తీసుకోవద్దు. ఏప్రిల్-మే పరీక్షల ఫలితాలు వచ్చేసరికి ఇంటర్ కాలేజీల్లో అడ్మిషన్లు మొదలైపోయి ఉంటాయి. వయసు అనుమతిస్తే అంతకుముందు అక్టోబర్-నవంబర్‌లోనే రాసేస్తే, మెమో చేతిలో పెట్టుకుని నింపాదిగా కాలేజీ చూసుకోవచ్చు. అయితే చేరిన వెంటనే పరీక్ష ఉండదు. మీరు ఏ అడ్మిషన్ విడతలో చేరారన్నదాన్ని బట్టి మొదటి పరీక్ష ఖరారవుతుంది. వెనక్కి లెక్క వేసుకుని దరఖాస్తు చేయండి.

బడిలో చదువుతూ మధ్యలో ఓపెన్ స్కూల్‌కి మారితే?

ఇప్పటికే ఏదైనా గుర్తింపు ఉన్న బోర్డు పరీక్ష రాసి కొన్ని సబ్జెక్టులు పాసై ఉంటే, నిబంధనలకు లోబడి గరిష్ఠంగా రెండింటి మార్కులను ఎన్‌ఐఓఎస్‌కు బదిలీ చేయించుకోవచ్చు. దీన్ని క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ అంటారు. అడ్మిషన్ ఫారం నింపేటప్పుడే అడగాలి. బోర్డు పరీక్ష మార్కులకే ఇది వర్తిస్తుంది. తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డుకు, ఇంట్లో పెట్టిన పరీక్షలకు వర్తించదు.

ఫీజు బకాయి ఉందని, గొడవ పడ్డామని పాత బడి నుంచి టీసీ తీసుకోకుండా వచ్చేయకండి. రెండేళ్ల తర్వాత అదే బడికి వెళ్లి అడగడం ఇంకా కష్టం. టీసీతోపాటు చదివిన ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ కూడా అప్పుడే తీసుకోండి.

ఓపెన్ స్కూల్ నుంచి కాలేజీకి మారేటప్పుడు?

పాసైన తర్వాత ఎన్‌ఐఓఎస్ రెండు ముఖ్యమైన పత్రాలు ఇస్తుంది. ఒకటి మార్కుల మెమోతో కలిసిన సర్టిఫికెట్. రెండోది మైగ్రేషన్, టీసీ రెండూ కలిపి ఇచ్చే పత్రం. కాలేజీ వాళ్లు "టీసీ ఏది?" అంటే ఈ రెండోదే చూపించాలి. మెమో డిజిలాకర్‌లోనూ దొరుకుతుంది.

జేఈఈ మెయిన్‌కు ఎన్‌ఐఓఎస్ సీనియర్ సెకండరీలో కనీసం 5 సబ్జెక్టులు ఉండాలి. నీట్ విషయంలో ఓపెన్ స్కూల్ విద్యార్థులకు గతంలో అడ్డంకి ఉండేది. 2018లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. గుర్తింపు ఉన్న ఓపెన్ స్కూళ్లలో చదివినవారు నీట్ రాయొచ్చని 2024లో సుప్రీంకోర్టులో కూడా స్పష్టమైంది.

లోకల్, నాన్ లోకల్ సంగతేంటి?

ఎక్కువ మంది చివరి నిమిషంలో కంగారు పడేది ఇక్కడే. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. ఇంట్లో చదివిన ఏళ్లకు అవి ఎక్కడి నుంచి వస్తాయి?

దీనికి 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోనే జవాబు ఉంది. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు స్థానికంగా చదివితే లోకల్. ఆ నాలుగేళ్లలో మొత్తంగా గానీ, కొంతకాలం గానీ ఏ విద్యాసంస్థలోనూ చదవకపోతే, పరీక్ష మొదలవడానికి ముందు వరుసగా నాలుగేళ్లు అక్కడ నివాసం ఉన్నట్టు చూపించవచ్చు. అందుకు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువీకరణ కావాలి. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, గ్యాస్ బుక్ లాంటివి ఏడాదివారీగా ఒక ఫైల్లో పెట్టుకుంటే ఆ రోజు పరుగులు ఉండవు. లోకల్ నిబంధనల్లో ఈ మధ్య మార్పులు జరుగుతున్నాయి కాబట్టి, ఆ ఏడాది నోటిఫికేషన్ తప్పక చదవండి.

ఇంటి రికార్డు ఎందుకు పనికొస్తుంది?

రెండు చోట్ల. ఎనిమిదిలోపు బడికి తిరిగి వెళ్తే, ఏ తరగతిలో వేయాలో టీచర్లు తేల్చుకోవడానికి. తర్వాత అమెరికా యూనివర్సిటీలకు దరఖాస్తు చేస్తే, తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏం చదివారో చూపడానికి. ఏ సబ్జెక్టు, ఏ పుస్తకం, ఎన్ని గంటలు, ఏ పరీక్షలో ఎన్ని మార్కులు అన్నది ఆరు నెలలకోసారి తేదీ వేసి రాయండి. నాలుగేళ్ల తర్వాత ఒక్కసారిగా గుర్తు తెచ్చుకుని రాస్తే అది రికార్డు కాదు, అంచనా.

మారే ముందు చూసుకోవాల్సినవి

- జనన ధ్రువీకరణ, ఆధార్, పాత టీసీలో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా? పదో తరగతి మెమోలో పడ్డ తప్పు పాస్‌పోర్టు దాకా వెంటాడుతుంది. దరఖాస్తుకు ముందే సరిచేయించండి.
- బోర్డుకు గుర్తింపు ఉందా? పాఠశాల బోర్డుల మండలి కాబ్సే జాబితాలో చూడండి. "మూడు నెలల్లో టెన్త్ గ్యారంటీ" అనే ఏజెంట్ మాట నమ్మొద్దు.
- కొత్త చోట సీటు ఖాయమయ్యాకే పాత చోట పేరు తీయించండి. టీసీ తీసుకున్నాక మనసు మార్చుకుంటే పాత సీటు మళ్లీ దొరకకపోవచ్చు.

మీ పిల్లలకు ఇప్పుడు పన్నెండేళ్లుంటే మీ చేతిలో రెండేళ్లు ఉన్నాయి. కాగితాల ఫైల్ ఈ వారమే మొదలుపెట్టండి.