విమానములో దీపములను ఏల తగ్గింతురు?

కొల్నార, రాయగడ ప్రాంతములనుండి విశాఖపట్నము వెళ్లి విమానమెక్కువారు నేడు మనలోను కలరు. చదువునకై పోవువారు కొందరు, పనికై దూరదేశములకు పోవువారు కొందరు. రాత్రివేళ విమానము పైకి లేచుటకు ముందును, నేలకు దిగుటకు ముందును లోపలి దీపములను తగ్గింతురు. కిటికీ తెరలను తెరువుడని సిబ్బంది చెప్పుదురు. ఇంజనుకు బలము మిగుల్చుటకని కొందరును, ప్రయాణికులు నిద్రించుటకని కొందరును తలంతురు. అసలు కారణము అది కాదు.

కారణము మన కంటిలోనే యున్నది. ఎండలోనుండి చీకటింటిలో అడుగిడినపుడు ఎదుటనున్న కుండయైనను కానరాదు, కొంతసేపటికి కనబడును. మసక వెలుగులో చూచుటకు నేత్రపటలమునందు దండకణములు కలవు. వానిలోని రొడాప్సిన్ అను పదార్థము వెలుగు సోకగా విడిపోవును, చీకటిలో మెల్లగా తిరిగి ఏర్పడును. కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడుటకు సుమారు అరగంట పట్టును. కొద్ది నిమిషములలోనే కొంత చూపు వచ్చును. ఆ కొద్ది నిమిషములకొరకే దీపములను ముందుగా తగ్గింతురు.

మరియొక కారణము కలదు. రాత్రి బస్సులో లోపలి దీపము వెలుగుచున్నచో కిటికీ అద్దమునందు మన ముఖమే కనబడును గాని బయటి దారి కనబడదు. విమానములోను అంతే. ప్రమాదములలో పెక్కు లేచునపుడును, దిగునపుడును జరుగుచున్నవి. అట్టివేళ బయట ఏ వైపున మంట యున్నదో చూడకుండ తలుపు తెరచుట ప్రాణాంతకము. 44కు మించిన సీట్లు గల విమానమునుండి, సగము ద్వారములతోనే, చీకటిలో, అందరును 90 సెకండ్లలో బయటపడగలరని తయారుచేయువారు నిరూపింపవలెనని నియమము కలదు.

2024 జనవరి 2వ తేదీన, చీకటి పడిన పిదప, టోక్యోలోని హనేడా విమానాశ్రయమున దిగుచున్న పెద్ద విమానమొకటి వేరొక చిన్న విమానమును ఢీకొని అంటుకొనెను. చిన్న విమానములోని ఆరుగురిలో ఐదుగురు మరణించిరి. పెద్ద విమానములోని 379 మందియు ప్రాణములతో బయటపడిరి. అందున్న 8 ద్వారములలో 3 ద్వారములనుండియే వారందరును దిగిరి. ప్రకటనల యంత్రము పనిచేయకపోగా సిబ్బంది మెగాఫోనులతోను, కేకలతోను దారి చూపిరి.

చెప్పినట్లు చేసిన చాలును, కారణముతో పని యేమని కొందరందురు. నేనందుకు సమ్మతింపను. విమానములోని ప్రకటనలు తరచుగా హిందీలోను, ఇంగ్లీషులోను ఉండును. మన పెద్దలలో పెక్కుమందికి అవి ధ్వనులే గాని మాటలు కావు. కారణమెరుగనివాడు దీపము తగ్గగానే చేతిఫోను వెలిగించును. ఆ వెలుగు అప్పుడప్పుడే సిద్ధమగుచున్న కంటిని మరల మసకబరచును. కారణమెరిగినవాడు ఎవరును చెప్పకయే పాటించును.

ఒడిశాలో తెలుగు చదువు ఏమి పనికివచ్చునని మనలను అడుగువారు కలరు. కంటి పాఠమును తెలుగులో నేర్చిన బాలిక, బడి మొగమెరుగని తన అవ్వకు దానిని ఇంటి మాటలలో చెప్పగలదు. ఆ పని మరియొక భాషలో నేర్చినవారికి అంత సులభము కాదు.

విద్యార్థులారా, మీ యింటివారెవరైనను విమానమెక్కుచున్నచో మూడు సంగతులు చెప్పి పంపుడు: దీపములు తగ్గినపుడు ఫోను ఆర్పవలెను, కిటికీ తెర తెరచి యుంచవలెను, తమ సీటునుండి ద్వారము ఎన్ని వరుసల దూరమున నున్నదో ముందే లెక్కించుకొనవలెను. ప్రతి సంగతికిని కారణమును కూడ చెప్పుడు.