డిప్ప కొలిచి ఈడు చెప్పకండి

మేముండేది ఫీనిక్స్ పక్కన. మా వీధిలో ఒక తెలుగువాళ్ళింట ఆడ సుల్కాటా తాబేలు ఉంది. దానికి ఆరేళ్ళు నిండకముందే ఎవరో పెరట్లో టేపు పెట్టి డిప్ప కొలిచి, "పద్నాలుగు అంగుళాలు దాటింది, ఇక జత కట్టించొచ్చు" అన్నారు. వీళ్ళు నమ్మి మగదాన్ని తెచ్చి వదిలారు. కొన్ని నెలల తరవాత ఒక సాయంత్రం నన్ను పిలిచారు. గోడవార సున్నంలా బిగిసిపోయిన నేలను అది వెనక కాళ్ళతో గీరుతోంది. కాసేపు గీరి, ఆగి, నాలుగడుగులు జరిగి, మళ్ళీ గీరుతోంది. అయిదు రోజులుగా మేత ముట్టలేదట. ఎక్స్‌రే తీస్తే పొట్ట నిండా బంతుల్లా గుడ్లు. ఒకటి దారికి అడ్డం పడేంత పెద్దది. కాల్షియం, ఇంజెక్షన్లు ఇస్తే కొన్ని బయటికొచ్చాయి. మిగిలినవాటి కోసం పొట్టవైపు పెంకును కిటికీలా కోసి, గుడ్లు తీసి, ఆ ముక్కను మళ్ళీ పెట్టి జిగురుతో అతికారు. బతికింది.

సైజు వస్తే చాలన్న ఈ మాట అమెరికాలో తాబేళ్ళు పెంచేవాళ్ళలో పాతుకుపోయింది. అందులో సగం నిజం ఉంది కాబట్టే అంత గట్టిగా నిలబడింది. తాబేలుకు ఈడు ఏళ్ళకన్నా ఒంటి సైజును బట్టే వస్తుంది. మోహావీ ఎడారి తాబేలు అడవిలో 13 నుంచి 20 ఏళ్ళకు గాని ఈడుకు రాదు. అదే తాబేలు పెరట్లో పుష్కలంగా మేత, నీళ్ళు దొరికితే చాలా ముందే ఆ సైజుకొచ్చి గుడ్లు పెడుతుంది. నేను కాదనేది ఆ తరవాతి అడుగును. గుడ్డు పెట్టగలగడం వేరు, పెట్టి క్షేమంగా ఉండటం వేరు.

మా నాన్న తొలి ఎదకే పెయ్యను ఆబోతు దగ్గరికి తోలేవాడు కాదు. "ముందు దాని ఒళ్ళు అది నిలుపుకోనీ" అనేవాడు. పాడి చేసిన ప్రతి ఇంట్లో తెలిసిన ఈ సంగతి తాబేలు దగ్గరికొచ్చేసరికి ఎందుకు మర్చిపోతున్నాం? సుల్కాటా ఒక్క విడతలో పదిహేను నుంచి ముప్పై దాకా గుడ్లు పెడుతుంది, ఏడాదికి ఒక విడతతో ఆగదు. మేతలో కాల్షియం చాలకపోతే ప్రతి గుడ్డు పెంకూ తల్లి ఎముకల్లోంచే రావాలి. మేత ఎక్కువై పరుగున పెరిగిన డిప్ప కింద ఎముక ఎంత గట్టిగా ఉందో టేపు చెప్పదు, ఎక్స్‌రే చెప్తుంది. కటి ఎముకల మధ్య దారి గుడ్డుకు సరిపోతుందా, మెత్తటి లోతైన మట్టి ఉందా, ఒళ్ళు ఎండిపోకుండా నీళ్ళు అందుతున్నాయా అన్నవీ కొలతలో లేవు. ఇక మగది వదలకుండా వెంటపడి ఢీకొడుతుంది. వెల్లకిలా పడిన తాబేలు అరిజోనా ఎండలో ఎంతసేపు ఉండగలదు?

తొందర దేనికో నాకు అర్థం కాదు. ఫిలడెల్ఫియా జూలో 1932 నుంచి ఉన్న 'మమ్మీ' అనే గాలాపగోస్ తాబేలు, దాదాపు నూరేళ్ళ వయసులో, 2025లో తొలిసారి తల్లయింది. అందరూ నూరేళ్ళు ఆగాలని కాదు. కానీ అయిదారేళ్ళు ఆగితే పోయేదేమీ లేని జీవితం అది.

"అంతరించిపోయే జాతి కదా, పిల్లలు పుడితే మేలేగా" అంటారు. ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. సుల్కాటాలది సహారా దక్షిణపు అంచు. అక్కడి అడవి తాబేళ్ళను పట్టి అమ్మడానికి 2000లోనే అంతర్జాతీయ కోటాను సున్నా చేశారు. ఇక్కడి పెరళ్ళలో పుట్టే పిల్లలు తిరిగి అక్కడికి వెళ్ళవు. అరచేతిలో ఇమిడే పిల్ల నలభై కిలోలు దాటి గోడల కింద సొరంగాలు తవ్వేసరికి ఎవరికైనా ఇచ్చేద్దామని చూస్తారు, తీసుకునేవాళ్ళుండరు. 1990 నుంచి ఫెడరల్ చట్టం కింద రక్షణలో ఉన్న మోహావీ తాబేలుకూ ఇదే గతి. లాస్ వేగాస్ దగ్గర వాటి కోసం కట్టిన సంరక్షణ కేంద్రానికి ఇళ్ళల్లో వద్దనుకున్నవి వచ్చిపడుతూనే ఉండేవి. డబ్బు చాలక మూసేస్తామని, జబ్బువాటిని చంపక తప్పదని 2013లో వార్త వచ్చినప్పుడు దేశమంతా గగ్గోలు పెట్టింది. మరుసటి ఏడు అది మూతపడింది. ఇంటికి ఒక్క తాబేలే అని నెవాడా 2013లోనే నిబంధన తెచ్చింది, పెరళ్ళలో సంతానం పెరగకూడదనే. పెంచినవాటిని ఎడారిలో వదిలేద్దామంటే వాటి శ్వాసకోశ జబ్బు అడవివాటికి అంటుకుంటుంది.

కాబట్టి "నా తాబేలుకు ఈడొచ్చిందా" అని అడిగేవాళ్ళకు నేను అంగుళాలు చెప్పను. ఏళ్ళు అడుగుతాను, ఎక్స్‌రే అడుగుతాను, పుట్టబోయే ముప్పై పిల్లలకు ముప్పై ఇళ్ళు చూపించమంటాను. మూడోదానికి ఇంతవరకూ ఎవరి దగ్గరా జవాబు లేదు.

మగదాన్ని మా వీధిలో వాళ్ళు వేరే పెరటికి పంపేశారు. మగది లేకపోయినా ఆడది గుడ్లు పెడుతుంది, పాత కలయికతో కొన్నేళ్ళ తరవాత కూడా పిల్లలు రావచ్చు. అందుకని గోడవార నేల తవ్వి రెండడుగుల లోతున ఇసుక కలిపిన మట్టి పోశాం. పోయిన వసంతంలో అది ఒక మధ్యాహ్నమంతా అక్కడే తవ్వి గుడ్లు పెట్టి, మట్టి కప్పి, తొక్కి చదును చేసి నీడకు వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే వాళ్ళమ్మాయి వాటిని తీసింది. పంతొమ్మిది. డబ్బాలో పెట్టి గరాజ్‌లోని ఫ్రీజర్‌లో సర్ది, వచ్చి దాని ముందు మందారాకులు వేసింది.