కాన్పుగది కాగితాలు

నాచారంనుంచి ఒక పెద్దమనిషి నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. పేరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. పారిశ్రామికవాడలో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. కూతురి తొలి కాన్పుకని, ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి తెచ్చుకుని ఉప్పల్‌లో ఒక నర్సింగు హోములో చేర్చారు. సాయంత్రం మొదలైన నొప్పులు తెల్లవార్లూ సాగాయి. “డాక్టరమ్మగారు దారిలో ఉన్నారు” అని నర్సు పదిసార్లు చెప్పిందట. ఆ దారి ఎంత పొడుగో గాని, ఆవిడ వచ్చేసరికి తెల్లవారి ఆరయింది. మగబిడ్డ పుట్టాడు, ఏడవలేదు. వేరే ఆసుపత్రికి పరుగెత్తారు, గాజుపెట్టెలో పన్నెండు రోజులుంచారు, బ్రతికాడు. ఇప్పుడు పదకొండో నెల. మెడ నిలపడం లేదు. పుట్టే సమయంలో మెదడుకు ప్రాణవాయువు సరిగా అందలేదని పెద్ద డాక్టర్లు తేల్చారు.

“ఇది మా ఖర్మ అనుకుని ఊరుకోవాలా, అడగడానికి చోటేదైనా ఉందా? మీరే మా కోడల్ని అక్కడ చేర్చారు గదా అంటున్న వియ్యంకులవారికి ఏమని చెప్పను?” అని ముగించారు.

నేను వకీలును కాను. కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. అయితే కోర్టు తీర్పులు చదవడం నాకొక వ్యసనం. ప్రబంధ వచనానికి అలవాటుపడినవాడికి సుప్రీంకోర్టు వాక్యం పొడుగనిపించదు లెండి. ఆ చదువుకొద్దీ తెలిసినదీ, వకీలు మిత్రులను అడిగి సరిచూసుకున్నదీ వ్రాస్తున్నాను. ఇటువంటి ఉత్తరాలు ఒక్క నాచారంనుంచే వస్తాయని అనుకోను.

ముందుగా కాస్త చేదుమాట. బిడ్డకు దెబ్బతగిలిన ప్రతి కాన్పులోనూ తప్పు డాక్టరుదే కాదు. మెదడు పక్షవాతమని మనవాళ్లు చెప్పుకునే సెరిబ్రల్ పాల్సీకి తల్లి కడుపులో ఉండగానే బీజం పడే సందర్భాలు అనేకం. నెలలు నిండకపోవడం, గర్భంలో ఇన్‌ఫెక్షను, ఇంకా ఎన్నో. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా చేయిదాటిపోయే కాన్పులు ఉంటాయి. చట్టం అడిగే ప్రశ్న “ఫలితం చెడిందా?” అని కాదు, “ఆ చదువు చదివిన మామూలు డాక్టరు ఆ వేళ చేయవలసిన పని చేశారా?” అని. 1957లో ఇంగ్లండులో బోలమ్ అనే రోగి కేసులో చెప్పిన ఈ కొలబద్దనే మన కోర్టులూ వాడుతున్నాయి. మన భాషలోనే చూడండి, పొరపాటు వేరు, నిర్లక్ష్యం వేరు. లక్ష్యపెట్టకపోవడం నిర్లక్ష్యం. చూసి కూడా తప్పుగా అంచనా వేస్తే అది పొరపాటు కావచ్చు. అసలు చూడనే చూడకపోతే?

ఆ చూడటం జరిగిందా లేదా అన్నది కాగితాలు చెబుతాయి. నొప్పులు పడుతున్న స్త్రీ దగ్గర కొన్ని కొన్ని నిమిషాలకొకసారి బిడ్డ గుండె చప్పుడు విని వ్రాయాలి. కాన్పు ఎంతవరకు సాగిందో గీతలు గీసే పటం ఒకటుంది, పార్టోగ్రాఫ్ అంటారు. గుండె లయను యంత్రం చుట్టచుట్టగా అచ్చువేసే కాగితం మరొకటి. బిడ్డ పుట్టిన నిమిషానికీ, అయిదు నిమిషాలకీ రంగు, ఊపిరి, గుండె, కదలిక, స్పందన చూసి పదికి మార్కులు వేస్తారు. అమెరికాలో వర్జీనియా అప్గార్ అనే డాక్టరమ్మ 1952లో ఈ పద్ధతి పెట్టింది. మన పరీక్ష మార్కులు తప్పినా ప్రాణం పోదుగాని, ఈ మార్కుల కాగితం మాత్రం చాలా విలువైనది. డాక్టరుకు ఎప్పుడు కబురు వెళ్లింది, ఆపరేషను నిర్ణయం ఎన్నింటికి, కత్తిపెట్టినది ఎన్నింటికి — అన్నీ కేసు షీటులో ఉండాలి. లేకపోతే, లేకపోవడమే ఒక సాక్ష్యం.

కనుక, తాతగారూ, చేయవలసిన మొదటి పని వకీలు ఇంటికి వెళ్లడం కాదు. నర్సింగు హోముకు ఒక అర్జీ వ్రాయడం. మీ అమ్మాయి సంతకంతో, తన కేసు షీటు మొత్తం, నర్సుల నోట్సు, గుండె లయ కాగితాలు, మత్తుమందు వివరాలు, బిడ్డ రికార్డు, బిల్లులు — నకళ్లు ఇమ్మని కోరండి. చేతికిస్తే రసీదు ముద్ర వేయించుకోండి; లేదా రిజిస్టర్డు పోస్టులో పంపండి. రోగి అడిగిన 72 గంటలలో రికార్డు ఇవ్వాలని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి చెబుతున్నది. రికార్డులు మూడేళ్లపాటు భద్రపరచాలని కూడా అందులోనే ఉంది. సర్కారు దవాఖానా అయితే సమాచార హక్కు చట్టం క్రింద కూడా అడగవచ్చు, గడువు 30 రోజులు. నర్సింగు హోమువారు “ఎందుకండీ?” అంటారు. “బిడ్డ వైద్యానికి” అనండి. అది అబద్ధమేమీ కాదు.

ఆ కట్ట చేతికి వచ్చాక, కాన్పు చేసినవారితో సంబంధంలేని మరొక స్త్రీవైద్య నిపుణురాలికీ, పసిపిల్లల డాక్టరుకూ చూపించి వ్రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. ఇది కష్టమైన పని. తోటి డాక్టరు మీద వ్రాయడానికి చాలామందికి కలం కదలదు. కాని అన్ని కేసుల్లోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. అది మన హైదరాబాదు కేసే. నిఖిల్ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కేసు అంటారు. మలేరియా జ్వరానికి టైఫాయిడ్ మందు ఇచ్చారనీ, భార్య చనిపోయిందనీ భర్త ఫిర్యాదు. ఆ భర్త ఉద్యోగం మలేరియా శాఖలోనే! జిల్లా ఫోరం ఇచ్చిన రెండు లక్షల పరిహారాన్ని పై మెట్లలో కొట్టివేస్తే, సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది.

ఇక అడగడానికి చోటు. 1995 నవంబరు 13న వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పటినుంచి, డబ్బు పుచ్చుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టంలోకి వచ్చింది. ఇప్పుడున్నది 2019 నాటి చట్టం; 2020 జూలై 20నుంచి అమలులో ఉంది. దీనిలో మీవంటివారికి మేలుచేసే సంగతులు కొన్ని ఉన్నాయి. ఫిర్యాదు నర్సింగు హోము ఉన్న జిల్లాలోనే వేయనక్కరలేదు. ఫిర్యాదుదారు నివసించే చోట, ఉద్యోగం చేసే చోట కూడా వేయవచ్చు. మీ అమ్మాయి అత్తవారింటికి ఏ వరంగల్లో వెళ్లిపోయినా అక్కడే వేసుకోవచ్చునన్నమాట. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఏ మెట్టు కమిషన్‌కు వెళ్లాలన్నది మీరు కోరే పరిహారాన్ని బట్టి కాదు, మీరు ఆసుపత్రికి చెల్లించిన సొమ్మును బట్టి. బిల్లు 50 లక్షల లోపయితే జిల్లా కమిషనే. అయిదు లక్షల లోపయితే ఫిర్యాదు రుసుము ఒక్క రూపాయి కూడా లేదు. కోటి అడగాలంటే ఢిల్లీ పోవాలేమోనని భయపడి మానుకున్నవారిని నేనెరుగుదును.

గడువు రెండేళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ క్షమించవచ్చుగాని, ఆ దయమీద ఆధారపడి కూర్చోకూడదు. బిడ్డ పుట్టిన తేదీనుంచే లెక్క వేసుకోవడం క్షేమం. మీకింకా ఏడాది పైచిలుకు ఉంది.

ఎంత అడగాలి? ఇక్కడ మనవాళ్ల మొహమాటం మనకే నష్టం చేస్తుంది. 1996 ఆగస్టు 30న మద్రాసు ఎగ్మూరు ప్రభుత్వ స్త్రీ, శిశు ఆసుపత్రిలో ఒక ఆడపిల్ల 29వ వారంలోనే పుట్టింది; బరువు 1250 గ్రాములు. అంత తక్కువ బరువు పిల్లలకు కంటి తెరలు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. సకాలంలో పరీక్షచేసి చికిత్స చేస్తే చూపు నిలిచే అవకాశం ఉన్నది. ఎవరూ పరీక్ష చేయలేదు, చేయించమని చెప్పనూలేదు. ఇంటికి వెళ్లిన కొన్ని నెలలకు తెలిసింది, పిల్లకు చూపు లేదని. జాతీయ కమిషన్ అయిదు లక్షలు ఇచ్చింది. తండ్రి ఊరుకోలేదు. 2015 జూలై 1న సుప్రీంకోర్టు దాన్ని కోటీ ఎనభై లక్షల పైకి పెంచింది. అప్పటివరకు అయిన ఖర్చే కాక, ముందు ముందు అయ్యే వైద్యాన్నీ, పెరిగే ధరలనూ కూడా కోర్టు లెక్కలోకి తీసుకుంది. పద్దెనిమిదేళ్ల పిల్లకు పుట్టినప్పటి ధరలతో లెక్కకడితే ఏమి మిగులుతుంది చెప్పండి!

మన పంజాగుట్టలోని నిమ్స్ కేసు కాన్పుది కాదుగాని, పరిహారం లెక్కకు అదీ చదవదగినదే. 1990లో ఛాతీలో గడ్డకు ఆపరేషను చేయించుకున్న ఇంజనీరింగు విద్యార్థికి నడుం క్రింద పడిపోయింది. ముక్కతీసి పరీక్ష చేయడానికి మాత్రమే ఒప్పుకుంటే గడ్డ మొత్తం తీశారన్నది ప్రధానమైన ఆక్షేపణ. జాతీయ కమిషన్ ఇచ్చిన 15.5 లక్షలను 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు చేసింది. ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తానే వాదించుకున్నాడు.

కాబట్టి ఫిజియోథెరపీ రసీదులు, ఆటో ఖర్చులు, బిడ్డకోసం మీ అమ్మాయి మానుకున్న ఉద్యోగం జీతం కాగితాలు అన్నీ దాచండి. బిడ్డ పేరునే కాదు, తల్లిదండ్రుల మనోవ్యథకూ విడిగా కోరవచ్చు. 1998లో స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో బిడ్డకు 12.5 లక్షలు, తల్లిదండ్రులకు అయిదు లక్షలు ఇచ్చారు.

నాచారంలో మరో ప్రశ్న కూడా వస్తుంది. అక్కడ ఈఎస్ఐ ఆసుపత్రి ఉన్నది. కార్మిక కుటుంబాల కాన్పులు అనేకం ఈఎస్ఐ దవాఖానాల్లోనే గదా. “ఉచితంగా చేశారు, ఏమని అడుగుతాం?” అంటారు. ఉచితం కాదండీ! నెలనెలా జీతంలో కోత పడుతున్నది. 2007లో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది: ఈఎస్ఐ చందా కట్టే కార్మికుడు వినియోగదారుడేనని, అతని కుటుంబం వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చునని.

అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రి మాత్రం ఈ చట్టంలోకి రాదు. అంతమాత్రాన దారి మూసుకుపోలేదు. సివిలు కోర్టులో దావా వేయవచ్చు. హైకోర్టులో రిట్ వేయవచ్చు. అయితే ఓపిక కావాలి. 1963 జూలైలో అప్పటి ఔరంగాబాదు — ఒకప్పుడు మన నిజాం ఇలాకాలోదే — సివిలు ఆసుపత్రిలో ఒక ఇల్లాలికి కాన్పయి, పిల్లలు కలగకుండా ఆపరేషను కూడా చేశారు. కడుపులో గుడ్డ వదిలి కుట్టేశారు. రెండు వారాలకు ఆమె పోయింది. ప్రభుత్వమే బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు అన్నది 1996లో. ఆ పుట్టిన బిడ్డకు అప్పటికి ముప్పయి రెండేళ్లు దాటాయి.

వకీలు ఫీజు ఇవ్వలేనివారికి ఒక సంగతి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకూ, పిల్లలకూ, వైకల్యం ఉన్నవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. మీ ఇంట ముగ్గురి అర్హతా ఇద్దరిలోనే ఉంది. 15100 నంబరుకు ఫోను చేస్తే జిల్లా న్యాయసేవల సంస్థ వివరాలు చెబుతారు.

వైద్యమండలికి ఫిర్యాదు చేయడం వేరే దారి. వారు డబ్బు ఇప్పించరు. డాక్టరును హెచ్చరించవచ్చు, రిజిస్టరులోంచి పేరు కొంతకాలం తీసివేయవచ్చు. తక్కిన బిడ్డలకు జరగకూడదనుకునేవారికి ఇది ముఖ్యం. పోలీసు కేసు విషయంలో మాత్రం తొందర వద్దంటాను. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు కట్టడి చేసింది: డాక్టరును నేరస్థుడనాలంటే మామూలు నిర్లక్ష్యం చాలదు, దారుణమైన నిర్లక్ష్యం ఉండాలి, ముందుగా మరో డాక్టరు నిష్పాక్షికమైన అభిప్రాయం తీసుకోవాలి. ఇక బంధువులను పోగుచేసి అద్దాలు పగలగొట్టడమంటారా, దానికి 2008లో ఉమ్మడి రాష్ట్రంలోనే చట్టం వచ్చింది; జైలుకు వెళ్లేది మనవాళ్లే. అటుపైన, “కొంత తీసుకుని సంతకం పెట్టండి” అని రాజీకి వస్తారు. రాజీ తప్పుకాదు. కాని బిడ్డ జీవితకాలపు ఖర్చు తెలియకముందే, వకీలు చదవకుండా, ఏ కాగితంమీదా సంతకం పెట్టవద్దు.

వియ్యంకులవారి మాట. తాతగారూ, మీ ఉత్తరంలో నన్ను నిద్రపోనివ్వనిది అదే. కేసు షీటు వచ్చాక మీ అల్లుణ్ణీ, ఆయన తండ్రిగారినీ కూర్చోబెట్టి, సాయంత్రం నుంచి తెల్లవారేవరకు గంటగంటకూ ఏమి వ్రాశారో, ఏమి వ్రాయలేదో చదివి వినిపించండి. ఫిర్యాదు మీ పేరున కాదు, బిడ్డ తల్లీ తండ్రీ ఇద్దరి పేరునా వేయించండి. మీ అమ్మాయి నొప్పులు పడింది, నిర్లక్ష్యం చేయలేదు. ఈ మాట ఆమె ఎదుటనే ఎవరైనా ఒకరు అనాలి.

కేసు ఏళ్లు పట్టవచ్చు. బిడ్డ కండరాలు అన్నాళ్లు ఆగవు. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటున్నది, పాతవాళ్లు ఎన్.ఐ.ఎమ్.హెచ్. అంటారు, ఇప్పటి పేరు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. ఎదుగుదల వెనుకబడిన పసిపిల్లలకు అక్కడ శిక్షణ ఇస్తారు, తల్లికి కూడా నేర్పుతారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో సెరిబ్రల్ పాల్సీ ఉన్నది గనుక, వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. కేసులో కూడా పనికివస్తుంది. నేషనల్ ట్రస్టువారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయలదాకా వైద్యఖర్చు వస్తుంది, థెరపీతో సహా. దరఖాస్తుకు బిడ్డ ఫోటో కావాలి. పదకొండో నెల పిల్లవాడి మెడ పట్టుకుని ఫోటో తీయడం కష్టమే. అమ్మాయి ఒడిలో కూర్చోబెట్టి తీయించండి.