విశ్వాస సాక్షులు: కులము పేరు విడిచిన దేవసహాయము



మల్లాపూర్‌లో ఒక ఇంట కుటుంబ ప్రార్థన ముగించి లేవబోతుండగా ఆ ఇంటి పెద్దమ్మ ఒక పటము తెచ్చి నా చేతిలో పెట్టింది. చేతులకు సంకెళ్ళు ఉన్న ఒక మనిషి మోకరించి ప్రార్థించుచున్న బొమ్మ. తమిళనాడు పోయివచ్చిన బంధువులు ఇచ్చారట. "అయ్యగారూ, దేవసహాయం అంటే మనోళ్ల పేరే గదా! ఈ పటం గోడకు పెట్టొచ్చునా? మొక్కొచ్చునా?" అని అడిగింది. ఆమెకు ఆ పూట చెప్పిన సంగతులు, చెప్పలేకపోయిన సంగతి కూడ ఈ నెల వ్రాయుచున్నాను.

ఆ పటములోని వ్యక్తి 1712 ఏప్రిల్ 23న నేటి కన్యాకుమారి జిల్లాలోని నట్టాలంలో పుట్టిన నీలకంఠ పిళ్ళె. పెద్ద కులము, మంచి ఆస్తి, తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో ఉద్యోగము. 1741లో కొళచ్చెల్ యుద్ధములో రాజు డచ్చివారిని ఓడించాడు. అప్పుడు చిక్కిన డి లనాయ్ అనే సేనాని తరువాత ఆ రాజు సైన్యానికే శిక్షణ ఇచ్చాడు. పశువులు పోయి, పంట పోయి నీలకంఠుడు కుమిలిపోతున్న రోజుల్లో ఈ డి లనాయ్ అతనికి యోబు కథ చెప్పాడు. పసుపు ధర పడిపోయి అప్పు మిగిలిన రైతు ఇంట్లో కూర్చుని యోబు గ్రంథము చదివినవారికి ఆ మాటలు ఎంత లోతుకు పోతాయో తెలుసు.

1745 మే 14న తిరునెల్వేలి ప్రాంతములోని వడక్కన్‌కుళంలో ఒక జెస్యూట్ గురువు చేత అతడు బాప్తిస్మము పొందాడు. లాజరు అని పేరు పెట్టారు. లాజరు అంటే దేవుడు సహాయము చేసెను అని అర్థము. ఆ మాటే తమిళంలో దేవసహాయం. భార్య కూడ బాప్తిస్మము పొందింది.

అతడు ఆదివారము గుడికి వెళ్ళి వచ్చి ఊరుకొని యుంటే బహుశ ఎవరూ పట్టించుకొనేవారు కాదు. కాని మనుష్యులందరు సమానమని చెప్పి, తక్కువ కులమని ఊరు దూరముంచిన వారితో కలిసిమెలిసి తిరిగాడు. పెద్దలకు కోపము వచ్చింది. నేరములు మోపి 1749లో బంధించారు. దున్నపోతు మీద ఊరేగించారు, కొట్టారు, గాయములకు కారము రాశారు. మూడేండ్లు ఆ బాధలు సహించి, 1752 జనవరి 14న ఆరల్వాయ్‌మొళి దగ్గర కాట్టాడిమలై కొండమీద తుపాకి గుండ్లకు ప్రాణము విడిచాడు. మనము సంక్రాంతి సెలవులలో ఉండే రోజే అది. అడవిలో పడవేసిన అవశేషములను విశ్వాసులు ఏరి తెచ్చి నాగర్‌కోయిల్‌లోని కోట్టార్ దేవాలయములో సమాధి చేశారు.

కతోలిక సంఘము 2012 డిసెంబరు 2న ఆయనను ధన్యునిగా, 2022 మే 15న పునీతునిగా ప్రకటించింది. గురువు కాక సామాన్య గృహస్థుడై ఆ గౌరవము పొందిన మొదటి భారతీయుడు ఆయనే. కాట్టాడిమలైకి యాత్రికులు వెళ్తుంటారు. ఆయన చనిపోయినప్పుడు ఒక బండ గంటవలె మ్రోగినదని చెప్పుకొని, నేటికీ రాతితో ఆ బండను తట్టి వింటారు.

ఇక పెద్దమ్మ ప్రశ్న. ఆరాధన దేవునికే చెల్లునని కతోలిక సహోదరులును బోధిస్తారు. పునీతులను తమకొరకు ప్రార్థించుమని అడుగుతారు. మనమైతే మధ్యవర్తి క్రీస్తు ఒక్కడేనని (1 తిమోతి 2:5) నమ్మి ఆయన ద్వారానే అడుగుతాము. గనుక "మొక్కవద్దమ్మా, కాని పటము ఉంచుకో. చనిపోయిన తాత ఫోటో చూచి ఆయన మంచితనము తలంచుకొనవా? అట్లనే" అన్నాను. మనకు వాక్యము చెప్పినవారిని జ్ఞాపకము చేసికొని వారి విశ్వాసమును అనుసరించుడని హెబ్రీ 13:7 చెప్పుచున్నది గదా.

అనుసరించుట అనే మాట దగ్గరే నా నోరు ఆగిపోయింది.

దేవసహాయము బాప్తిస్మము పొందిన వడక్కన్‌కుళంలోనే 1872లో కట్టిన దేవాలయములో, పెద్ద కులమువారు ఒక పక్క, మిగిలినవారు ఒక పక్క కూర్చొనునట్లు ఏర్పాటు చేశారు. ఆ అడ్డు 1910లో గాని తొలగలేదు. తొలగించినందుకు కొందరు కోర్టుకెక్కారు, కోర్టు వారి మాట ఒప్పుకొనలేదు. హతసాక్షి పేరు తలచుకొనే చోటనే ఆయన దేనికొరకు బాధపడ్డాడో మరచిపోయారు. పునీతునిగా ప్రకటించిన నాడు మాత్రము 'పిళ్ళె' అనే కులనామము విడిచి, లాజరు, దేవసహాయం అని మాత్రమే ఆయనను పిలిచారు.

వారి గోడ సంగతి చెప్పుట సుళువే. మన సంగతి ఏమిటి? నేను చూచే సంఘములలో ఒకదానిలో కలిసి పాటలు పాడే ఒక అబ్బాయికి, ఒక అమ్మాయికి సంబంధము మాట వచ్చింది. ఇద్దరూ బాప్తిస్మము పొందినవారే. "వాళ్లది వేరే వాడ, అయ్యగారూ" అన్నారు పెద్దలు. నన్ను ఒక మాట చెప్పమన్నారు. నేను దేవసహాయము కాలేకపోయాను. "మీరు పెద్దలు, మీరే చూసుకొనుడి" అని లేచి వచ్చాను. అబ్బాయి దుబాయి వెళ్ళిపోయాడు. అమ్మాయి గుడికి వచ్చుట మానివేసింది. ఆమె కూర్చొనే చోటు చూచినప్పుడెల్ల నా మౌనము నాకు వినబడుచున్నది.

ప్రియులారా, ఆ పేరు మన సంఘములలో ఎంతమందికో ఉన్నది. పటము గోడకు పెట్టుట, పేరు బిడ్డకు పెట్టుట కష్టము కాదు. ఈ జనవరి 14న కుటుంబ ప్రార్థనలో గలతీ 3:28 చదివి, మన పిల్లల పెండ్లి మాట వచ్చినప్పుడు మొదట ఏమి అడుగుచున్నామో ఒకరినొకరు అడుగుకొందము. నేనైతే ఆ అమ్మాయి తల్లిదండ్రుల ఇంటికి ముందుగా వెళ్ళి క్షమాపణ అడుగుటకు తీర్మానించుకొన్నాను. నా కొరకు ప్రార్థించండి.