ఓటు లేని రోగి

పశువైద్యం రాజ్యాంగంలోని రాష్ట్రాల జాబితాలో 15వ అంశం. పాడిగేదె చుట్టూ తిరిగే హర్యానా విధానకర్తల దృష్టికి ఫరీదాబాద్ అపార్టుమెంటులోని మధుమేహపు పిల్లి ఆనదు. దానికి ఓటు లేదు, పాలూ ఇవ్వదు! భారమంతా ఇంటివారిదే. పన్నెండు గంటలకొకసారి, అదీ తిండి తిన్నదో లేదో చూసి, ఇన్సులిన్ సూది వేయాలి. మందుల దుకాణాల్లో 40, 100 బలాల ఇన్సులిన్‌లు రెండూ దొరుకుతాయి. 100 బలపు మందును ఎర్రమూత 40 సిరంజిలో 2 యూనిట్ల గీత వరకు లాగితే పిల్లి ఒంట్లోకి వెళ్లేది 5 యూనిట్లు. చక్కెర పడిపోయి ప్రాణమే పోవచ్చు. తొలిదశలోనే సక్రమ చికిత్స అందిన పిల్లుల్లో కొన్నింటికి క్రమేణా ఇన్సులిన్ అవసరమే ఉండదు. అటువంటి అవకాశాన్ని సిరంజి మూత రంగుకు వదిలేయడం ఏం పాలన? జిల్లా పశువైద్యశాలలో ఒక గ్లూకోమీటరు, సూది వేయడం నేర్పే ఒక అరగంట. ఖజానాకు ఇదేమంత బరువు?